నిర్మల్ ఓటు: నాలుగు జెండాలు, ఇద్దరు నాయకులు

నిర్మల్ శాసనసభ స్థానానికి 2009 నుంచి 2023 దాకా నాలుగు సాధారణ ఎన్నికలు జరిగాయి. 2009లో ప్రజారాజ్యం గెలిచింది. 2014లో బహుజన్ సమాజ్ పార్టీ, 2018లో తెలంగాణ రాష్ట్ర సమితి, 2023లో భారతీయ జనతా పార్టీ గెలిచాయి. రైలింజను, ఏనుగు, కారు, కమలం: నాలుగుసార్లకు నాలుగు గుర్తులు. గెలిచిన మనుషులు మాత్రం ఇద్దరే. మొదటిసారి, చివరిసారి ఏలేటి మహేశ్వర్ రెడ్డి. నడుమ రెండుసార్లు అల్లోల ఇంద్రకరణ్ రెడ్డి. జెండాలను లెక్కపెడితే ఇంత నిలకడ లేని నియోజకవర్గం తెలుగునాట ఇంకొకటి ఉందా అనిపిస్తుంది. మనుషులను లెక్కపెడితే ఇంత నిలకడైనదీ అరుదే. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుంటేనే నిర్మల్ ఓటరు మనసు పట్టుబడుతుంది.

హైదరాబాద్ నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉత్తరంగా వెళ్తే, సోన్ దగ్గర గోదావరి దాటగానే నిర్మల్ ప్రాంతం మొదలవుతుంది. 2011 జనగణన ప్రకారం పట్టణ జనాభా 90 వేలకు కాస్త తక్కువ. పొనికి కర్రతో బొమ్మలు చెక్కి రంగులద్దే నకాషీ కళాకారుల వల్ల ఊరి పేరు దేశమంతా తెలుసు. కోటలు, బురుజులు, చెరువులు, వాటి మధ్య ఇరుకు గల్లీలు. పట్టణంలో ముస్లింల వాటా పెద్దది. చుట్టూ ఉన్న సోన్, లక్ష్మణచాంద, మామడ, సారంగాపూర్, దిలావర్‌పూర్, నర్సాపూర్ మండలాల్లో మున్నూరు కాపులు, ముదిరాజులు, పద్మశాలీలు, రెడ్లు, దళితులు. అడవి వైపు వెళ్లేకొద్దీ లంబాడాలు, గోండులు, నాయక్‌పోడులు. శ్రీరాంసాగర్ నుంచి వచ్చే సరస్వతి కాలువ, స్వర్ణ ప్రాజెక్టు, చెరువులు, బోర్ల కింద వరి, మక్క, పసుపు పండుతాయి. నీళ్లు అందని చోట పత్తి, సోయా. 2016 అక్టోబర్ 11న నిర్మల్ జిల్లా కేంద్రమైంది. అంతకుముందు ఆదిలాబాద్ జిల్లాలో ఒక డివిజన్ కేంద్రం.

తొలి ఎన్నికల నాడే ఈ ప్రాంతం సొంత దారి పట్టింది. 1952లో హైదరాబాద్ రాష్ట్రంలో నల్లగొండ, వరంగల్ వైపు కమ్యూనిస్టుల గాలి వీచింది. ఆదిలాబాద్ లోక్‌సభ స్థానంలో మాత్రం సోషలిస్టు పార్టీ తరఫున సి. మాధవరెడ్డి గెలిచారు. ఆ తర్వాత దాదాపు మూడు దశాబ్దాలు కాంగ్రెస్‌వే. నిర్మల్ నుంచి పలుమార్లు గెలిచిన పి. నర్సారెడ్డి మంత్రి పదవి చేశారు, ఆంధ్రప్రదేశ్ కాంగ్రెస్ అధ్యక్షుడిగానూ పనిచేశారు. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమం తర్వాత 1971లో జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజా సమితి 14 స్థానాలకు 10 గెలిచి కాంగ్రెస్‌ను మట్టి కరిపించింది. ఆదిలాబాద్, దాని పక్కనున్న నిజామాబాద్ మాత్రం కాంగ్రెస్ చేతిలోనే మిగిలాయి. ప్రాంతీయ నినాదం ఎంత బలంగా ఉన్నా, గోదావరికి ఇరువైపులా ఉన్న ఈ రెండు జిల్లాలు ఆనాడు ఊగలేదు.

ఊగింది తెలుగుదేశం వచ్చాకే. 1952లో సోషలిస్టుగా గెలిచిన మాధవరెడ్డే 1984లో తెలుగుదేశం అభ్యర్థిగా మళ్లీ ఆదిలాబాద్ ఎంపీ అయ్యారు. ఇందిరాగాంధీ హత్య తర్వాత దేశమంతా కాంగ్రెస్ ఊడ్చేసిన ఎన్నిక అది. తెలుగుదేశం 30 స్థానాలతో లోక్‌సభలో రెండో పెద్ద పార్టీ కాగా, సభలో ఆ పార్టీకి నాయకుడు మాధవరెడ్డే. 1985 నుంచి నిర్మల్ ఎమ్మెల్యేగా సముద్రాల వేణుగోపాలాచారి ఎదిగారు. వెనుకబడిన కులాల ఇళ్లలోకి తెలుగుదేశం జెండా చేరిన కాలం అది. అప్పటిదాకా గడి దగ్గరో, దొర ఇంటి అరుగు మీదో తేలిపోయే ఊరి ఓటు, సంఘాల వారీగా కూర్చుని మాట్లాడుకునే ఓటుగా మారడం అప్పుడే మొదలైంది. ఈ మార్పే ఆ తర్వాతి రాజకీయాలన్నిటికీ పునాది.

ఆ రోజుల్లో నిర్మల్ నాయకుడికి ఢిల్లీ దారి తెరిచి ఉండేది. 1989లో నర్సారెడ్డి కాంగ్రెస్ నుంచి, 1991లో ఇంద్రకరణ్ రెడ్డి తెలుగుదేశం నుంచి, 1996, 1998, 1999ల్లో వేణుగోపాలాచారి తెలుగుదేశం నుంచి ఆదిలాబాద్ ఎంపీలయ్యారు. వేణుగోపాలాచారి యునైటెడ్ ఫ్రంట్ ప్రభుత్వంలో కేంద్ర సహాయ మంత్రిగానూ ఉన్నారు. పదిహేనేళ్లపాటు వరసగా ఆ సీటు నిర్మల్ రాజకీయాల్లోంచి వచ్చినవాళ్లదే. ఒకే పట్టణంలో ఇద్దరు ముగ్గురు బలమైన నాయకులున్నా పెద్దగా ఇబ్బంది లేదు. ఒకరు హైదరాబాద్‌కు వెళ్తే, ఇంకొకరు ఢిల్లీకి వెళ్లేవారు. ఇంద్రకరణ్ రెడ్డి కాంగ్రెస్‌లోకి వచ్చి 1999, 2004ల్లో ఎమ్మెల్యే అయ్యారు. 2008 ఉప ఎన్నికలో మళ్లీ ఎంపీ అయ్యారు.

ఆ దారిని 2009 మూసేసింది. నియోజకవర్గాల పునర్విభజనలో ఆదిలాబాద్ లోక్‌సభ స్థానం షెడ్యూల్డు తెగలకు రిజర్వయింది. ఆదివాసులకు అది ఎన్నాళ్లుగానో రావాల్సిన న్యాయమైన వాటా, అందులో రెండో మాట లేదు. అయితే నిర్మల్ పట్టణ రాజకీయాల మీద దాని ప్రభావం ఎవరూ అంతగా ఊహించలేదు. జనరల్ స్థానంగా మిగిలిన నిర్మల్ అసెంబ్లీ ఒక్కటే ఇక్కడి పెద్ద నాయకులకు దిక్కయింది. ఒక సీటు, ఇద్దరు బలవంతులు. ఒకే పార్టీలో ఇద్దరికీ టికెట్ రాదు. కాబట్టి ప్రతి ఎన్నికకూ ఒకరు ఒక జెండా పట్టుకుంటే ఇంకొకరు మరో జెండా వెతుక్కోక తప్పలేదు. నిర్మల్‌లో పార్టీలు ఇంత తరచుగా మారడానికి ఓటరు చపలచిత్తం కారణమని చాలామంది అనుకుంటారు. అసలు కారణం ఈ ఇరుకు.

2009లో చిరంజీవి పెట్టిన ప్రజారాజ్యం రాష్ట్రమంతా కలిపి 18 సీట్లు గెలిచింది. అందులో తెలంగాణలో వచ్చినవి రెండే: నిర్మల్, బాల్కొండ. మ్యాపు చూస్తే ఈ రెండూ గోదావరికి అటూ ఇటూ ఉన్న పొరుగు నియోజకవర్గాలు. నిర్మల్‌లో కాంగ్రెస్ అభ్యర్థి ఇంద్రకరణ్ రెడ్డిని మహేశ్వర్ రెడ్డి ఓడించారు. 2011లో ప్రజారాజ్యం కాంగ్రెస్‌లో కలిసిపోయింది. దాంతో మహేశ్వర్ రెడ్డి కాంగ్రెస్ మనిషయ్యారు, ఇంద్రకరణ్ రెడ్డికి ఆ గూడు లేకుండా పోయింది. తెలంగాణ వచ్చిన 2014లో టీఆర్ఎస్ ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని 10 సీట్లలో ఏడు గెలిచినా నిర్మల్ దక్కలేదు. ఇంద్రకరణ్ రెడ్డి ఏనుగు గుర్తు మీద గెలిచారు. సిర్పూర్‌లో కోనేరు కోనప్పదీ అదే గుర్తు. అంబేడ్కర్, కాన్షీరాంల ఆలోచన మీద పుట్టిన పార్టీకి తెలంగాణ తొలి సభలో ఉన్నది ఈ ఇద్దరే, ఇద్దరూ అగ్రకులాల వాళ్లే. ఇద్దరూ కొద్దికాలంలోనే టీఆర్ఎస్‌లో చేరారు. ఫిరాయింపుల చట్టం ప్రకారం ఒక పార్టీ శాసనసభ్యుల్లో మూడింట రెండొంతుల మంది కలిసి వెళ్తే అది విలీనం కింద లెక్క. ఇద్దరికి ఇద్దరూ వెళ్లాక లెక్క చూసే పనే లేదు. ఆ ఏడాది డిసెంబర్‌లో ఇంద్రకరణ్ రెడ్డి మంత్రి అయ్యారు. తమ పార్టీ అని ఏనుగుకు ఓటేసిన దళిత ఓటరుకు ఇందులో జరిగిన నష్టాన్ని ఆనాడు గట్టిగా అడిగినవాళ్లు తక్కువ. అడగాల్సిన ప్రశ్నే అది.

గుర్తు మారినా ఓటు ఎలా వెంట వస్తుంది? ఊళ్లలోకి వెళ్తే జవాబు దొరుకుతుంది. నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ పల్లెల్లో గ్రామాభివృద్ధి కమిటీ అనే వ్యవస్థ బలంగా పాతుకుపోయింది. జనం దాన్ని వీడీసీ అంటారు. పంచాయతీతో సంబంధం లేకుండా, కులానికి ఒకరిద్దరు చొప్పున పెద్దమనుషులు కూర్చునే కమిటీ ఇది. గుడి కట్టడం, ఊరి బాట బాగుచేయించడం, చెరువు చేపల వేలం, జాతర ఖర్చు, ఆఖరికి బెల్టుషాపు ఎవరు నడపాలనేదీ అక్కడే తేలుతుంది. మాట వినని కుటుంబాన్ని వెలివేసిన కేసులు పోలీసు స్టేషన్ల దాకా, కోర్టుల దాకా వెళ్లాయి. అది చట్టానికి విరుద్ధం, మనుషులను నలిపేసే పద్ధతి కూడా. ఎన్నికలప్పుడు అభ్యర్థి మొదట కలిసేది ఈ కమిటీని, ఆ తర్వాత కుల సంఘాలను. పెద్దమ్మ గుడికి ప్రహరీ, సంఘానికి భవనం, వంటపాత్రలు, టెంటు సామాన్లు, బోరు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్న మనిషి తర్వాతిసారి ఏ జెండాతో వచ్చినా ఊళ్లో ముఖం చెల్లుతుంది. సంఘం ఒక్క తాటి మీద ఉంటే, గుర్తు పేరు పోలింగ్‌కు నాలుగు రోజుల ముందు చెప్పినా సరిపోతుంది. దేవాదాయ శాఖ చేతిలో ఉన్న మంత్రి ఊరూరా గుడుల పనులు చేయించడానికి ఇక్కడ ఉన్న రాజకీయ విలువ పట్టణంలో కూర్చున్నవాళ్లకు అందదు.

లెక్కింపు పద్ధతి కూడా ఈ కట్టుబాటును గట్టిచేస్తుంది. పేపరు బ్యాలెట్ రోజుల్లో బూతుల చీటీలన్నీ కలిపి లెక్కించే వీలుండేది. ఓటింగ్ యంత్రం వచ్చాక ఒక్కో బూతు ఫలితం విడిగా తెలుస్తుంది. ఎన్నికల సంఘం ఫారం 20లో బూతువారీగా ప్రకటిస్తుంది కూడా. అనేక యంత్రాల ఓట్లను కలిపి ఒకే మొత్తంగా చూపే 'టోటలైజర్' వాడాలని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించినా అది అమల్లోకి రాలేదు. అందువల్ల వెయ్యి ఓట్ల పల్లె ఎటు మొగ్గిందో నాయకుడికి తెల్లారేసరికి తెలిసిపోతుంది. 'మీ ఊళ్లె నాకు పడ్డది ఇన్నే' అని సర్పంచును నిలదీసే నాయకుడికి ఆ కాగితమే ఆధారం. రహస్య ఓటు మనిషికి ఉంది గానీ చిన్న పల్లెకు లేదు. ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఓటు గుంపుగా పడటానికి భయభక్తులు ఎంత కారణమో ఈ కాగితమూ అంత కారణం.

ఆ గుంపులో ఆడవాళ్ల సంఖ్యే ఎక్కువ. 2011 లెక్కల ప్రకారం నిర్మల్ జిల్లాలో వెయ్యి మంది పురుషులకు 1,046 మంది స్త్రీలున్నారు. రాష్ట్రంలో ఇంత నిష్పత్తి ఉన్న జిల్లాలు ఒకటీ రెండూ దొరకడమే కష్టం. మగవాళ్లలో చాలామంది దుబాయ్, సౌదీ, మస్కట్‌లలో కూలికి పోయినవాళ్లు. ఇంటి దగ్గర మిగిలిన ఆడవాళ్లు బీడీలు చేస్తారు. మధ్యాహ్నం ఏ గల్లీలోకి తొంగిచూసినా అరుగు మీద నలుగురైదుగురు, ఒడిలో చాట, చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో చుట్టిన తునికాకు. కత్తెర ఆకును కత్తిరిస్తూనే ఉంటుంది, వేళ్లు చుట్టి, మూతి మడిచి, దారం కట్టి పడేస్తూనే ఉంటాయి. ఎవరి కళ్లూ చేతుల మీద ఉండవు. మాటలన్నీ ధరల మీద, పిల్లల మీద, పింఛన్ మీద. టీఆర్ఎస్ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల జీవనభృతి ఇచ్చింది, 2019లో దాన్ని 2,016 చేసింది. 2018లో రైతుబంధు రైతు ఇంటికి ఎంతో, ఈ భృతి భూమి లేని ఇంటికి అంత. కానీ ఒక గడువు తేదీకి ముందు భవిష్యనిధిలో చేరినవాళ్లకే అది వర్తించింది. ఒకే అరుగు మీద కూర్చుని ఒకే పని చేసే ఇద్దరిలో ఒకరికి పింఛన్ వచ్చి ఒకరికి రాకపోతే, రాని మనిషి కడుపుమంట ఏ ప్రచారంతోనూ చల్లారదు. ఇచ్చిన ప్రభుత్వానికి ఓట్లు తెచ్చిన పథకమే ఆ గీత దగ్గర ఓట్లు పోగొట్టింది.

గల్ఫ్‌కు పోయిన మగవాళ్ల ఓటు దాదాపు లేనట్టే. విదేశాల్లో ఉన్న భారతీయుడు ఫారం 6ఏ ద్వారా ఓటరుగా నమోదు కావచ్చు, కానీ పోలింగ్ నాడు స్వయంగా ఊళ్లో ఉండాలి. క్యాంపులో ఎనిమిది మందితో ఒక గదిలో ఉండే కూలీకి టికెట్ కొనుక్కుని వచ్చి ఓటేసి వెళ్లే స్తోమత ఎక్కడిది? ఊరికి పైసలు పంపే మనిషికి ఊరి నిర్ణయంలో భాగం లేకపోవడం ఈ ప్రాంతపు ప్రజాస్వామ్యంలో అన్నిటికన్నా పెద్ద లోటు. అయినా ఫోన్లో మాట మాత్రం వస్తుంది. ఏ గుర్తుకు వేయాలో అక్కడి నుంచి భార్యకూ అమ్మకూ చెప్పే కొడుకులున్నారు. విని తలూపి, తమకు తోచినట్టు వేసే తల్లులూ ఉన్నారు.

నాయకుడి చుట్టూ తిరిగే ఈ ఓటు పక్కనే, 2019 నుంచి పార్టీ చుట్టూ తిరిగే ఓటు పెరిగింది. ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో ఆదిలాబాద్‌ను బీజేపీ తొలిసారి గెలిచింది. గెలిచిన సోయం బాపూరావు తుడుందెబ్బ అనే ఆదివాసీ సంఘం నాయకుడు. లంబాడాలను ఎస్టీ జాబితాలోంచి తొలగించాలని 2017లో ఆదివాసులు చేసిన ఉద్యమం ఆయన్ని ముందుకు తెచ్చింది. అదే సమయంలో పక్క నిజామాబాద్‌లో పసుపు బోర్డు కోసం 178 మంది రైతులు నామినేషన్ వేసి పోటీకి దిగారు, అక్కడా బీజేపీయే గెలిచింది. నిర్మల్ రైతు పసుపు అమ్ముకునేది కూడా నిజామాబాద్ మార్కెట్లోనే కాబట్టి ఆ గాలి గోదావరి దాటి వచ్చింది. ఐదు నెలల ముందు అసెంబ్లీ ఎన్నికల్లో ఉమ్మడి జిల్లాలోని 10 స్థానాల్లో తొమ్మిదింటిని టీఆర్ఎస్‌కు ఇచ్చిన జనమే ఇలా వేశారు. హైదరాబాద్‌కు ఒక లెక్క, ఢిల్లీకి ఇంకో లెక్క అని ఓటరు స్పష్టంగా విడదీసుకున్నాడు.

మతం పాత్రను దాటవేసి ఈ మార్పును చెప్పడం నిజాయితీ కాదు. నిర్మల్‌కు పడమరన ఉన్న భైంసాలో 2008లో, మళ్లీ 2020, 2021ల్లో ఘర్షణలు జరిగాయి. ఇళ్లు కాలాయి, ప్రాణాలు పోయాయి. భైంసా ఉన్న ముధోల్ తాలూకా 1956 దాకా నాందేడ్ జిల్లాలో ఉండేది. పెళ్లి సంబంధాలు, సంతలు, పండుగల తీరు ఇప్పటికీ మరాఠ్వాడాతో ముడిపడే ఉన్నాయి. 2020 మున్సిపల్ ఎన్నికల్లో భైంసాను మజ్లిస్ గెలిస్తే రెండో స్థానం బీజేపీది. నడుమ ఉండాల్సిన పార్టీలు కొట్టుకుపోయాయి. నిర్మల్ పట్టణంలో అంత చీలిక రాలేదు గానీ, ఆ నీడ ఇక్కడిదాకా పడింది. ఒకప్పుడు ముస్లిం, హిందూ ఓట్లు రెండూ కూడగట్టుకుంటేనే నిర్మల్‌లో గెలుపు. ఆ లెక్క తప్పడమే గడిచిన పదేళ్లలో వచ్చిన పెద్ద మార్పు.

చరిత్ర కూడా ఎన్నికల సరుకైంది. 1857 తిరుగుబాటు తర్వాతి రోజుల్లో గోండు వీరుడు రాంజీ గోండునూ ఆయన వెంట వెయ్యి మందినీ నిర్మల్‌లో ఒక మర్రికి ఉరితీశారని జనం చెప్పుకుంటారు. దాన్ని వెయ్యి ఉరుల మర్రి అంటారు. 2021 సెప్టెంబర్ 17న తెలంగాణ విమోచన దినమంటూ కేంద్ర హోంమంత్రి అమిత్ షా బహిరంగ సభకు ఎంచుకున్న చోటు నిర్మల్. ఒక ఆదివాసీ వీరుడి జ్ఞాపకాన్ని, నిజాం పాలన జ్ఞాపకాన్ని ఒకే వేదిక మీదికి తెచ్చిన సభ అది.

2023లో అన్నీ ఒకచోట కలిశాయి. జూన్ 4న కొత్త కలెక్టరేట్‌ను ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రారంభించారు. సెప్టెంబర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల తెరుచుకుంది. జిల్లా కేంద్రానికి ఇంతకన్నా ఏం కావాలని అధికార పక్షం అనుకుంది. ఆగస్టులో మాత్రం పట్టణ మాస్టర్ ప్లాన్ ముసాయిదా మీద గొడవ రేగింది. తమ భూములు ఏ జోన్‌లోకి పోతాయోనని శివారు రైతులు, చిన్న ప్లాట్లు కొనుక్కున్నవాళ్లు భయపడ్డారు. అప్పటికి నాలుగు నెలల క్రితమే కాంగ్రెస్‌ను వదిలి బీజేపీలో చేరిన మహేశ్వర్ రెడ్డి దాని మీద నిరాహార దీక్షకు కూర్చున్నారు. నవంబర్ 26న ప్రధాని మోదీ నిర్మల్‌లో సభ పెట్టారు. ఫలితం వచ్చేసరికి మంత్రి ఇంద్రకరణ్ రెడ్డి మీద మహేశ్వర్ రెడ్డికి 50 వేలకు పైగా మెజారిటీ. పార్టీ ఓటు, మతం ఓటు, భూమి భయం, సొంత మనుషుల ఓటు నాలుగూ ఒకే పెట్టెలో పడితే తప్ప ఇంత తేడా రాదు.

ఆ ఎన్నికలో ఉమ్మడి ఆదిలాబాద్ చీలిపోయింది. తూర్పున బొగ్గుగనుల వైపు మంచిర్యాల, బెల్లంపల్లి, చెన్నూరు కాంగ్రెస్‌కు వెళ్లాయి. మహారాష్ట్ర సరిహద్దు దిక్కు ఆదిలాబాద్, ముధోల్, సిర్పూర్, వాటితోపాటు నిర్మల్ బీజేపీకి వచ్చాయి. రాష్ట్రం మొత్తం మీద బీజేపీ గెలిచిన ఎనిమిదింటిలో సగం ఈ జిల్లావే. నిర్మల్ జిల్లాలోనే ఉన్న గిరిజన స్థానం ఖానాపూర్ మాత్రం కాంగ్రెస్ అభ్యర్థి వెడ్మ బొజ్జును గెలిపించింది. 2024 ఫిబ్రవరిలో మహేశ్వర్ రెడ్డి బీజేపీ శాసనసభాపక్ష నేత అయ్యారు. మే నెలలో ఇంద్రకరణ్ రెడ్డి కాంగ్రెస్‌లో చేరారు. అదే నెల జరిగిన లోక్‌సభ పోలింగ్‌లో ఆదిలాబాద్‌ను బీజేపీ 90 వేల పైచిలుకు ఓట్లతో నిలబెట్టుకుంది. గెలిచిన గోడం నగేశ్ 2014లో ఇదే స్థానాన్ని కారు గుర్తు మీద గెలిచిన మనిషి. అంటే పార్టీ ఓటు బలపడినా, ఆ ఓటు అడగడానికి పాత మనుషులే కావలసి వచ్చారు.

పార్టీలన్నీ పక్కకు జరిగిన సందర్భమూ ఒకటుంది. దిలావర్‌పూర్, గుండంపల్లి మధ్య కడుతున్న ఇథనాల్ ఫ్యాక్టరీ తమ నీళ్లనూ గాలినీ పాడుచేస్తుందని ఆ చుట్టుపక్కల రైతులు నెలల తరబడి దీక్షలు చేశారు. 2024 నవంబర్ 26న 61వ నంబరు జాతీయ రహదారి మీద బైఠాయించారు. మాట్లాడడానికి వచ్చిన ఆర్డీవో కారును గంటల కొద్దీ కదలనీయలేదు. ముందు వరసలో ఆడవాళ్లే ఉన్నారు. రోడ్డు మీదే వంట, రోడ్డు మీదే పడక. మరుసటి రోజు ఫ్యాక్టరీ పనులు ఆపిస్తున్నట్టు అధికారులు ప్రకటించారు. ఆ రోడ్డు మీద కూర్చున్నవాళ్లలో కమలానికి ఓటేసినవాళ్లు, కారుకు వేసినవాళ్లు, చేతికి వేసినవాళ్లు అందరూ ఉన్నారు.